రాజ్యాలిచ్చిన కొండ

మహేంద్రగిరి ఒడిశాలో గజపతి జిల్లాకి చెందిన కొండ. ఎత్తు 1501 మీటర్లు. శిఖరం అటువైపుదే అయినా తూర్పు వాలు శ్రీకాకుళం జిల్లా మందస మండలంలోకి దిగుతుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా విడి రాష్ట్రం అయ్యేదాకా ఈ రెండు వైపులూ మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాయే. సరిహద్దు గీసినప్పుడు కొండ అటు పోయింది, మందస ఇటు మిగిలింది. శివరాత్రికి కొండెక్కే మందస, సోంపేట, పలాస జనం ఆ గీతని పట్టించుకున్న దాఖలా లేదు. వాళ్లు ఎక్కేది శిఖరం దగ్గరున్న మూడు పాత రాతి గుళ్ల కోసం. భీముడి గుడి, ధర్మరాజు గుడి, కుంతి గుడి అని వాటి పేర్లు. మూడింటిలోనూ దేవుడు శివుడే.

తూర్పు కనుమల్లో ఇంతకంటే ఎత్తయిన శిఖరాలున్నాయి. అవన్నీ లోపల, అరకు, పాడేరు, కొరాపుట్ వైపు, ఒకదాని వెనక ఒకటి నక్కి ఉంటాయి. సముద్రానికి ఎదురుగా, తీరపు మైదానం అంచున ఇంత ఎత్తుకి లేచినది మహేంద్రగిరి. మబ్బు లేని రోజున శిఖరం మీంచి బంగాళాఖాతం కనిపిస్తుంది. అంటే ఓడల్లో వచ్చేవాళ్లకీ తీరపు దారిన నడిచే సైన్యాలకీ కూడా కొండ కనిపించేదన్నమాట. ఈ కొండల్లో పుట్టిన రెండు ఏరులకి మహేంద్రతనయ అనే ఒకటే పేరు. ఒకటి పర్లాకిమిడి మీదుగా వెళ్లి గొట్టా దగ్గర వంశధారలో కలుస్తుంది, రెండోది బారువ దగ్గర నేరుగా సముద్రంలో పడుతుంది. ఒక కొండకి ఇద్దరు కూతుళ్లుండి ఇద్దరికీ ఒకే పేరు పెట్టడం భూగోళం పుస్తకాలు రాసేవాళ్లకి ఇబ్బందే గాని, ఆ నీళ్లతో వరి పండించుకునేవాళ్లకి కాదు.

ఒడిశా వైపు నుంచి కొండ మీదకి బండ్లు వెళ్లే దారి ఉంది. మందస వైపు నుంచి వెళ్లేవాళ్లు అడవి బాటన నడుస్తారు. కింద ఉద్దానం జీడిమామిడి తోటలు. అవి దాటాక సవరల ఊళ్లు, వాలు మీద పోడు చెక్కలు, వాటిలో కంది, జొన్న, సామ. ఆ పైన అడవి చిక్కబడుతుంది. జీలుగు చెట్లు, వాటిమీదకి పాకిన అడ్డతీగలు, కొండ చీపురు గడ్డి. ఇంకా ఎక్కితే చెట్లు ఉన్నట్టుండి పొట్టివైపోతాయి, ఆఖరి మెట్ట అంతా గడ్డి. తీరం మీద ఉక్కపోస్తున్న వేళ కూడా అక్కడ గాలి చలిపెడుతుంది. మొక్కల శాస్త్రజ్ఞులకి ఇది ఎప్పటినుంచో ఇష్టమైన చోటు. 2022లో ఒడిశా ప్రభుత్వం దీన్ని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది.

భీముడి గుడి మూడింటిలోకీ చిన్నది. శిఖరానికి దగ్గరగా, గాలికి అడ్డేమీ లేనిచోట ఉంది. ఇరుకైన ఒక్క గది, అంతే. ముందు మండపం లేదు, చుట్టూ ప్రాకారం లేదు. చిన్న రాళ్లు పేర్చి కట్టిన గుడి కాదిది. గోడలో సగం ఒక్క బండే ఉన్నట్టు పెద్ద పెద్ద రాళ్లని ఒకదాని మీద ఒకటి ఎక్కించి, నెత్తిన గుండ్రటి రాయితో మూశారు. సున్నం అక్కర్లేదు, ఆ బరువే వాటిని పట్టి ఉంచుతోంది. గోడల మీద కథలు చెప్పే బొమ్మల్లేవు. వాకిలి ఎంత చిన్నదంటే లోపలికి వెళ్లాలంటే మనిషి వంగాల్సిందే, వెళ్లాక తిరగడానికి చోటు వెతుక్కోవాల్సిందే. భీముడి పేరు ఎందుకొచ్చిందో ఆ బండల్ని చూసినవాళ్లు అడగరు. కట్టిన తీరుని బట్టి కళింగ దేశపు తొలినాటి రాతి గుళ్లలో దీన్ని లెక్కవేస్తారు. తరవాతి రోజుల్లో ముఖలింగంలోనూ భువనేశ్వర్‌లోనూ ఆకాశానికి లేచిన కళింగ శిఖరాలకి ఇది పసితనపు రూపు అనుకోవచ్చు.

ధర్మరాజు గుడి ఇంతకంటే పెద్దది. కుంతి గుడి కాస్త దిగువన చెట్ల నీడలో ఉంది. గోకర్ణేశ్వరుడి గుడి అనేది దీన్నే. మన దేశంలో కట్టినవాడి పేరు మరిచిపోయిన ప్రతి రాతి కట్టడాన్నీ పాండవులకి అంటగట్టడం అలవాటు. గుహ కనిపిస్తే వనవాసంలో తలదాచుకున్నారంటారు, గుంట కనిపిస్తే భీముడి అడుగంటారు. మహేంద్రగిరికి మాత్రం ఆ అలవాటుని దాటి కాస్త ఆధారం ఉంది. మహాభారతం వనపర్వంలో తీర్థయాత్రకి బయల్దేరిన ధర్మరాజు వైతరణి దాటి మహేంద్రగిరికి వస్తాడు. క్షత్రియుల్ని చంపి, గెలిచిన భూమినంతా కశ్యపుడికి దానమిచ్చిన పరశురాముడు ఉండేది అక్కడే. ఆయన చతుర్దశికీ అష్టమికీ మాత్రమే తాపసులకి దర్శనమిస్తాడని శిష్యుడు అకృతవ్రణుడు చెబుతాడు. ధర్మరాజు ఆ రాత్రికి ఆగి, మర్నాడు చతుర్దశి నాడు ఆయన్ని చూసి వెళతాడు. మహాశివరాత్రి కూడా చతుర్దశే. ఆ రాత్రి కొండ మీద జాగారం చేసేవాళ్లలో ఎంతమందికి ఈ లెక్క తెలుసో గాని, పరశురాముడు ఇంకా ఇక్కడే తపస్సు చేస్తున్నాడన్న నమ్మకం చాలామందికి ఉంది.

పురాణాల్లో దేశానికి ఏడు కులపర్వతాలు. వాటి జాబితా మొదలయ్యేది మహేంద్రంతోనే. రెండో శతాబ్దంలో గౌతమి బాలశ్రీ నాసిక్ గుహలో వేయించిన శాసనంలో, తన కొడుకు గౌతమీపుత్ర శాతకర్ణి ఏలిన కొండల పేర్లలో మహేంద్రం ఉంది. కాళిదాసు రఘువంశంలో రఘువు కళింగ రాజుని ఓడించి విడిచిపెడతాడు, సంపద తీసుకుని నేలని వదిలేస్తాడు. అక్కడ కళింగ రాజుకి కవి పెట్టిన గుర్తు మహేంద్రనాథుడు. దేశం పేరు చెప్పక్కర్లేకుండా కొండ పేరు చెబితే చాలిందన్నమాట. ఇంత పేరున్న కొండ మీద గుళ్లు ఇంత చిన్నవిగా ఉండటం మొదట వింతగా తోస్తుంది. శాసనాలు చదివితే ఆ వింత పోతుంది. రాజులు ఇక్కడ వెతుక్కున్నది వేరే.

ఆరో శతాబ్దం నుంచి ఎనిమిదో శతాబ్దం దాకా చిలికా సరస్సుకి దక్షిణంగా కొంగోద రాజ్యాన్ని శైలోద్భవులు ఏలారు. మహేంద్రగిరి వాళ్ల కులపర్వతం. తమ పుట్టుక కథని వాళ్లు రాగిరేకుల మీద రాయించుకున్నారు. కళింగ జనంలో పులిందసేనుడని పేరున్న మనిషి ఉన్నాడు. బలం, గుణం అన్నీ ఉన్నవాడు. అయినా రాజ్యం తనకి వద్దనుకుని, భూమిని ఏలగలిగినవాణ్ని ఒకణ్ని ఇమ్మని స్వయంభువుని వేడుకున్నాడు. కొండరాయి పగిలి అందులోంచి ఒక పురుషుడు వచ్చాడు. ఆయనే శైలోద్భవుడు, వంశానికి మూలపురుషుడు. పులిందులంటే మన పాత పుస్తకాల్లో శబరుల (ఇప్పటి సవరల) పక్కన చెప్పే అడవి జనం. ఆ జనానికి చెందిన పేరున్నవాడు, ఏలే సత్తా ఉండీ తానుగా తప్పుకుని, మరొకణ్ని కోరి తెచ్చుకున్నాడని ఏలినవాళ్లు రాసుకున్నారు. ఇలాంటి కథ అల్లుకోవలసిన అవసరం ఎవరికి వస్తుందో ఊహించడం కష్టం కాదు.

ఇక గాంగులు. క్రీ.శ. 498 ప్రాంతంలో మొదలైన శకాన్ని తమదిగా లెక్కపెట్టుకుంటూ, కళింగనగరం రాజధానిగా ఏలిన ఈ తూర్పు గాంగుల తొలి రాగిరేకులన్నీ దాదాపు ఒకే మాటతో మొదలవుతాయి: మహేంద్ర శిఖరం మీద కొలువున్న గోకర్ణస్వామి పాదాలకి మొక్కి రాజు ఈ దానం ఇస్తున్నాడని. దానం ఊరిదైనా పొలానిదైనా, పుచ్చుకునేవాడు ఎవరైనా, మొదటి దండం కొండకే. శతాబ్దాల తరబడి ఈ ఆనవాయితీ నడిచింది. క్రీ.శ. 1118 నాటి అనంతవర్మ చోడగంగుడి విశాఖపట్నం రాగిరేకులు దానికి పూర్తి కథ చెబుతాయి. గంగవాడిలోని కోలాహలపురం, అంటే నేటి కోలార్, అక్కడి రాకుమారుడు కామార్ణవుడు తన వంతు రాజ్యాన్ని పినతండ్రికి వదిలేసి నలుగురు తమ్ముళ్లతో తూర్పుకి వచ్చాడు. మహేంద్రగిరి ఎక్కి గోకర్ణస్వామిని కొలిచాడు. స్వామి దయతో నంది గుర్తుని రాజచిహ్నంగా పొందాడు. కొండ దిగి, అక్కడి రాజుని గెలిచి, కళింగాన్ని తీసుకున్నాడు. ఓడిన ఆ రాజు పేరుని కొన్ని పాఠాల్లో బలాదిత్యుడని, కొన్నింట శబరాదిత్యుడని చదివారు. రెండో పాఠమే సరైనదైతే కథ సూటిగా ఉంది. శబరుల కొండ మీది దేవుణ్ని కొలిచినవాడు కొండ కింద శబరుల రాజుని కొట్టాడు.

కొండకి దండం పెట్టడానికి కాక జబ్బ చరచడానికి వచ్చినవాళ్లూ ఉన్నారు. రాజేంద్ర చోళుడు కులూతుల రాజు విమలాదిత్యుణ్ని గెలిచి మహేంద్రగిరి మీద జయస్తంభం నాటినట్టు చెప్పే శాసనం అక్కడుంది. సంస్కృతంలో ఒకసారి, తమిళంలో ఒకసారి రాసి, పైన చోళుల పులినీ పాండ్యులవైన రెండు చేపల్నీ చెక్కారు. తంజావూరు నుంచి ఇంతదూరం వచ్చిన సైన్యం తన గుర్తుని నాటడానికి ఏ కోటనో ఏ రేవునో ఎంచుకోలేదు. కింద ఏలేవాళ్ల గౌరవమంతా ఎక్కడుందో దానికి తెలుసు.

ఒడిశా రాజ్యాల పుట్టుకని చదివిన జర్మన్ చరిత్రకారుడు హెర్మన్ కుల్కే, రాజులు ఆదివాసుల దేవతల్ని చేరదీయడాన్ని రాజ్యం నిలబడటానికి దారిగా వివరించాడు. మైదానంలో వరిపొలం మీద పన్ను వసూలు చెయ్యడానికి సైన్యం సరిపోతుంది. అడవిలోకి సైన్యం వెళ్లలేదు, వెళ్లినా నిలవలేదు. ఏనుగులు, కలప, తేనె, కొండదారుల కాపలా అడవి జనం చేతిలో ఉండేవి. వాళ్లు మొక్కే చోట రాజు కూడా మొక్కితే సగం పని అవుతుంది. ఇది చరిత్రకారుల మాట, ఒప్పుకోదగ్గదే. కాని కథల్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఇంకో సంగతి కూడా బయటపడుతుంది. కొత్తగా వచ్చినవాడు పాతవాళ్ల దగ్గర తీసుకున్నదానికి ఈ కథల్లో రసీదు రాసి ఇచ్చాడు. తీసుకున్నవాడి చేతిరాతే గనక అందులో తీసుకున్నట్టుండదు, వాళ్లే ఇచ్చినట్టుంటుంది. అయినా ఎవరి దగ్గర పుచ్చుకున్నాడో ఆ పేరు చెరిగిపోకుండా ఉండిపోయింది.

ఇదే తీరు కొండల వరస వెంబడి నైరుతికి, అరకు, పాడేరు వైపు వెళ్తే కూడా దొరుకుతుంది. పాడేరు దగ్గర హుకుంపేట మండలంలో మత్స్యగుండం అనే క్షేత్రం ఉంది. ఏటి మడుగులో చేపలు గుంపులుగా తిరుగుతుంటాయి. ఒడ్డున మత్స్యలింగేశ్వరుడు. ఆ చేపల్ని ఎవరూ పట్టరు, వచ్చినవాళ్లు మరమరాలో బెల్లమో వేసి మొక్కుకుంటారు. శివరాత్రికి మన్యం అంతా అక్కడికి చేరుతుంది. పదమూడో శతాబ్దంలో ఈ కొండల కింద ఒడ్డాదిని ఏలిన రాజులు తమని మత్స్య వంశం వాళ్లమని చెప్పుకున్నారు. క్రీ.శ. 1269 నాటి దిబ్బిడ రాగిరేకుల్లో వాళ్ల కథ ఉంది. నారంగుడనే ముని మత్స్య నదిలో స్నానానికి వచ్చి ఇంద్రుడు పంపిన అప్సరస మంజుఘోషని చూశాడు. ఆమె చేపగా మారింది. వాళ్లకి పుట్టినవాడు సత్యమార్తాండుడు. ఉత్కళ రాజు జయత్సేనుడు తన కూతురు ప్రభావతినిచ్చి పెళ్లి చేసి, ఒడ్డాది దేశానికి అతన్ని రాజుని చేశాడు. అక్కడ రాయి, ఇక్కడ చేప. వంశం మళ్లీ కొండలోనే పుట్టింది, ఏలుబడి మాత్రం మళ్లీ కిందే.

బొర్రా గుహల్లో ఉన్నది రాజుల కథ కాదు, పశువుల కాపరి కథ. మేస్తున్న ఆవు కొండ మీది కన్నంలోంచి లోపలికి పడిపోతే, వెతుక్కుంటూ దిగిన కాపరికి గుహ కనిపించింది, అందులో లింగం కనిపించింది. సున్నపురాయి మీంచి వేల ఏళ్లుగా నీరు చుక్క చుక్కగా కారి నిలబెట్టిన స్తంభమే ఆ లింగం. గుహలోంచి పారేది గోస్తనీ నది. ఇక్కడ ఏ రాజూ వచ్చి శాసనం వేయలేదు. గుడి కట్టే పని కూడా నీరే చేసింది.

అరకు, పాడేరు ఊళ్లలో ఆదివాసుల సొంత కొలుపులకి కట్టడంతో పెద్దగా పని లేదు. జాకర దేవుడు, శంకు దేవుడు, నిశాని దేవుడు అంటూ ఊరి అంచున చెట్టు కింద రాళ్లుంటాయి. వాటికి కప్పు ఉండదు. విత్తే ముందు, కొత్త పంట తినే ముందు వాటికి మొక్కుతారు. చైత్రంలో ఇటుకల పండగ వస్తే మగవాళ్లు వేటకి వెళతారు, ఆడవాళ్లు థింసా ఆడతారు. ముహూర్తం చూసేది దిసారి, దేవతతో మాట్లాడేది గురుమాయి. దేవుడి చోటు అడివే అయినప్పుడు దానిలో మళ్లీ చిన్న రాతిగది ఎందుకని వాళ్లెవరూ అడిగి ఉండరు గాని, అడిగితే జవాబు చెప్పడం కష్టమే.

గాంగుల దేవుడు కొండ మీదే ఉండిపోలేదు. రాజ్యం పెరిగేకొద్దీ కిందకి దిగాడు. వంశధార ఒడ్డున ముఖలింగంలో మధుకేశ్వర, సోమేశ్వర, భీమేశ్వర ఆలయాలు లేచాయి. శాసనాలతో గోడలు నిండిన ఈ ముఖలింగమే పాత కళింగనగరమని చాలామంది నమ్ముతారు. మధుకం అంటే ఇప్పచెట్టు. వామదేవ మహర్షి శాపానికి గంధర్వులు సవరలై పుట్టారని స్థలపురాణం. సవర నాయకుడికి ఇద్దరు భార్యలు. వాళ్ల మధ్య ఇప్పపూల దగ్గర తగువొచ్చింది. నాయకుడు కోపంతో చెట్టు నరికాడు, మొదట్లోంచి ముఖంతో శివుడు కనిపించాడు. చోడగంగుడు ఇంకా ఉత్తరానికి రాజ్యం విస్తరించి పూరీలో పురుషోత్తముడికి పెద్ద గుడి మొదలుపెట్టాడు. ఆ వంశంలోని మూడో అనంగభీముడు పదమూడో శతాబ్దంలో రాజ్యం జగన్నాథుడిదే, తాను ఆయన తరఫున ఏలేవాణ్ని మాత్రమే అన్నాడు. పూరీ కథలో ఆ దేవుణ్ని మొదట అడవిలో నీలమాధవుడిగా రహస్యంగా కొలిచినవాడు విశ్వావసు అనే సవర. రథయాత్రకి ముందూ వెనకా దేవుడి సేవ చేసే దైతలు తాము ఆ విశ్వావసు సంతతి అంటారు.

కొండ మీంచి సముద్రం ఒడ్డుకి గాంగుల దేవుడు నడిచిన దారి ఇది. ప్రతి మజిలీలోనూ గుమ్మం దగ్గర ఒక సవర నిలబడి ఉన్నాడు. రాజుల పేర్లు మారాయి, దేవుడి పేరు మారింది, గుడి ఎత్తు పెరిగింది. సవరని కథలోంచి తీసెయ్యడం మాత్రం ఎవరి వల్లా కాలేదు. తీసేస్తే కథ నిలవదు.

సవరల వైపు నుంచి చూస్తే ఈ ఇచ్చిపుచ్చుకోళ్లు మరోలా కనిపిస్తాయి. మానవశాస్త్రజ్ఞుడు వెరియర్ ఎల్విన్ 1955లో అచ్చువేసిన పెద్ద పుస్తకంలో సవరల మతం గురించి వివరంగా రాశాడు. వాళ్ల ఇళ్లలో ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండి నీళ్లలో పుల్ల ముంచి బొమ్మ వేస్తారు. ముందు ఒక చతురస్రం గీస్తారు, అది ఇల్లు. జబ్బు చేసినప్పుడో పంట చేతికొచ్చేటప్పుడో ఏ ఆత్మకి ఇల్లు కావాలో దానికోసం గీసినది. లోపల వరసలు వరసలుగా సన్నటి మనుషులు: నాట్యం చేసేవాళ్లు, బరువులు మోసేవాళ్లు, వేటగాళ్లు, పక్కన సూర్యుడు, చంద్రుడు, నెమళ్లు, కోతులు. వాళ్ల మధ్య ఏనుగు మీదో గుర్రం మీదో, గొడుగు పట్టించుకుని, రాజులా ఊరేగే ఆత్మలు. కాలం గడిచేకొద్దీ సైకిళ్లు, రైళ్లు, విమానాలు కూడా ఆ చతురస్రంలోకి వచ్చాయి. పూజారిణి ఆత్మల లోకంలో ఒకణ్ని పెళ్లాడుతుంది, ఆ భర్త కింది లోకపు రాజకులం వాడు, హిందువు. అతని సాయంతోనే ఆమె చనిపోయినవాళ్లతో మాట్లాడుతుంది. ఎల్విన్ చెప్పిన ఈ సంగతిని, సవరల మధ్య ఏళ్ల తరబడి ఉన్న పియర్స్ విటెబ్‌స్కీ తరవాత ఇంకా లోతుగా రాశాడు. రాజులు అడవి దేవుణ్ని తీసుకెళ్లి కోటలో పెట్టుకుంటే, సవరలు రాజుల ఏనుగుల్నీ గొడుగుల్నీ తీసుకుని తమ ఆత్మలకిచ్చారు. లెక్కలో ఎవరు ఎక్కువ పొందారో తేల్చడం అంత సులువు కాదు. రాజుల దగ్గర మాత్రం రాగిరేకులున్నాయి. గోడ బొమ్మ కొన్నేళ్లకి మాసిపోతుంది, అవసరమైతే కొత్తది గీస్తారు.

ఈ రెండు లోకాల్నీ కలిపి చదివినవాడు పర్లాకిమిడిలో ఒక బడిపంతులు, గిడుగు రామమూర్తి. వ్యావహారిక భాష కోసం పోరాడినవాడిగానే తెలుగువాళ్లకి ఆయన ఎక్కువ తెలుసు. 1863లో పుట్టి, 1880 నుంచి పర్లాకిమిడి రాజావారి బళ్లో పాఠాలు చెప్పాడు. చరిత్ర చెప్పవలసి వచ్చి, ముఖలింగం గోడల మీది పాత లిపిని ఎవరి సాయం లేకుండా నేర్చుకుని చదివాడు. గాంగ రాజు వజ్రహస్తుడి నడగాం రాగిరేకుల్ని ఎపిగ్రాఫియా ఇండికాలో ప్రకటిస్తూ, కళింగనగరం అంటే ముఖలింగమే అని వాదించినవాడు ఆయనే. ఇంకోపక్క సవరల్ని ఇంట్లో పెట్టుకుని వాళ్ల భాష నేర్చుకున్నాడు. 1931లో సవర వ్యాకరణం, తరవాత నిఘంటువులు వచ్చాయి. గోకర్ణస్వామికి మొక్కిన రాజుల సంస్కృతమూ, ఆ కొండ వాలు మీద పోడు కొట్టుకునేవాళ్ల మాటలూ రెండూ తెలిసిన మరో పండితుడు ఆ కాలంలో దొరకడు. 

రాజులు పోయాక అడవి జమీందార్ల చేతికీ ప్రభుత్వం చేతికీ వచ్చింది. రసీదు రాసే మర్యాద కూడా పోయింది. మందస జమీందారీలో అడవి నుంచి కలప తెచ్చుకోవడం మీద ఆంక్షలు రైతుల్ని ఉద్యమంలోకి దించాయి. 1940 ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో పోలీసులు కాల్పులు జరిపితే గున్నమ్మా మరికొందరు రైతులూ చనిపోయారు. మహేంద్రగిరి కనుచూపు మేరలోనే జరిగింది ఇది. 1960ల చివర శ్రీకాకుళం గిరిజన పోరాటం నడిచిందీ ఈ కొండల వరసలోనే. అడవి ఎవరిదన్న ప్రశ్న అరకు వైపు కోర్టుకి వెళ్లింది. అనంతగిరి మండలంలో బొర్రా పరిసరాల అటవీ భూముల్ని గనుల కోసం గిరిజనేతరులకి లీజుకివ్వడాన్ని సమత అనే స్వచ్ఛంద సంస్థ సవాలు చేసింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు గనులకి అలా ఇవ్వడం గిరిజనేతరులకి భూమి బదిలీని నిషేధించే 1/70 చట్టానికి విరుద్ధమని 1997 జులైలో సుప్రీంకోర్టు చెప్పింది. భూమి ఎవరి దగ్గర తీసుకుంటున్నారో వాళ్ల పేరు కాగితం మీద మళ్లీ కనిపించింది అప్పుడే.

కొండ మీద పొందడం అనేది రాజులకే పరిమితమైన కథ కాదు. మహేంద్రగిరికి పడమటగా గుణుపురం ప్రాంతంలో సవరల కొండలున్నాయి. 1936లో, అంటే సరిహద్దు మారిన ఆ ఏడాదే, మాంగెయి గొమాంగో అనే సవర తన భాషకి 24 అక్షరాల లిపిని తయారుచేశాడు. సొరాంగ్ సొంపెంగ్ అని దాని పేరు. అది తనకి దర్శనంలో అందిందని ఆయన అనుచరులు నమ్ముతారు. ఒక్కో అక్షరానికి ఒక్కో దేవుడి పేరు. మారిచిగుడలో ఆ అక్షరాలకి గుడి ఉంది, అక్కడ కొలిచేది అక్షర బ్రహ్మని. ఆ మార్గంలోకి వచ్చినవాళ్లు బలులూ సారా మానేశారు. పులిందసేనుడు తనకి వద్దని మరొకణ్ని అడిగాడని కొంగోద రాజులు చెప్పుకున్నారు. మాంగెయి గొమాంగో తన జనానికే కావలసినది అడిగి తెచ్చుకున్నాడు.

ఇప్పుడు సవర భాషని నాలుగు రకాలుగా రాస్తున్నారు. గిడుగు వ్యాకరణంలో వాడినది రోమన్ లిపి, క్రైస్తవ సంఘాలు దాన్నే కొనసాగించాయి. ఒడిశాలో ఒడియా లిపి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ శతాబ్దపు తొలి దశాబ్దంలో బహుభాషా విద్య కింద సవర పిల్లలకి వాచకాలు తెలుగు లిపిలో వచ్చాయి. సొరాంగ్ సొంపెంగ్ వాడేవాళ్లు తక్కువే. 2012లో దానికి యూనికోడ్‌లో చోటు దొరికింది, కాబట్టి ఆ అక్షరాలు ఇప్పుడు ఫోన్లలో కూడా టైపు చెయ్యొచ్చు.